ఎగ్స్‌ని ల్యాబ్‌లో మాగబెట్టడం: ఐవీఎంకి వెళ్ళేవాళ్ళు ఏ రోజు ఏం చేయాలి

స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ కలిపి 30 దాకా చిన్న చిన్న నీటి బుడగలు కనిపించాయి. "పీసీఓడీ ఉందమ్మా, ఇంజక్షన్లు చూసి చూసి ఇవ్వాలి" అన్నారు డాక్టర్. చివర్లో ఐవీఎం అని ఒక మాట అని వదిలేశారు. మీరు ఇంటికొచ్చి ఫోన్లో వెతికితే "ఇంజక్షన్లు లేని ఐవీఎఫ్" అని కనపడింది. అక్కడి నుంచి ఆశ, అనుమానం రెండూ మొదలయ్యాయి.

నేను ల్యాబ్ వైపు మనిషిని. థియేటర్లో డాక్టర్ సూదితో లాగిన ద్రవం గోడలోని చిన్న కిటికీలోంచి మా చేతికొస్తుంది. అందులో ఎగ్స్ ఉన్నాయో లేవో వెతికి చెప్పేది మేమే. ఐవీఎంలో పేషెంటు పని తక్కువ, మా పని ఎక్కువ. రెండూ వరసగా చెప్తాను. మా గదిలో ఏం జరుగుతుందో తెలిస్తేనే డాక్టర్‌ని ఏం అడగాలో మీకు తెలుస్తుంది.

ముందు మామిడికాయ సంగతి

ఆడపిల్ల పుట్టేటప్పటికే అండాలన్నీ అండాశయంలో ఉంటాయి, కానీ సగం పనిలో ఆగిపోయి ఉంటాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే మధ్యలో గుండ్రంగా కేంద్రకం కనపడుతుంది. ఆ దశని మేం "జీవీ" అంటాం. నెలకొకసారి ఒక ఫాలికిల్ (అండం ఉండే నీటి బుడగ) 18, 20 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. మెదడు కింది గ్రంథి నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా ఎగస్తుంది. అప్పుడు అండం నిద్ర లేచి, తన క్రోమోజోముల్లో సగాన్ని పక్కకి నెట్టేస్తుంది. అలా నెట్టేసింది అండాన్ని ఆనుకుని చిన్న బొట్టులా కనపడుతుంది, దాని పేరు పోలార్ బాడీ. ఆ బొట్టు కనపడిన ఎగ్‌లోకే మేం స్పెర్మ్ ఎక్కించేది.

మామూలు ఐవీఎఫ్‌లో 9 నుంచి 12 రోజులు ఇంజక్షన్లిచ్చి, చాలా ఫాలికిల్స్‌ని ఒకేసారి పెంచి, ఎగ్స్ ఒంట్లోనే పండాక తీస్తారు. ఐవీఎంలో ఫాలికిల్స్ 10 మిల్లీమీటర్ల లోపు ఉన్నప్పుడే పచ్చి ఎగ్స్ తీసి ల్యాబ్‌లో పండిస్తాం.

మామిడికాయలు మాగేసిన ఇంట్లో పుట్టినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. టెంక ముదిరిన కాయని గడ్డిలో పెడితే తీపెక్కుతుంది. కార్బైడ్ వేసిన కాయకి ఒక్క రాత్రిలో పైన పసుపు వస్తుంది, కోస్తే లోపల పులుపే. ఎగ్‌తో కూడా అదే చిక్కు. ఫాలికిల్‌లోంచి బయటికి తీసిన మరుక్షణం నుంచి దాని కేంద్రకం తనంతట తనే తొందరపడి పండటం మొదలుపెడుతుంది. ఈ సంగతి 1935లో పింకస్, ఎంజ్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుందేలు అండాల్లో గమనించారు. కేంద్రకం పండుతుంది కానీ దాని చుట్టూ ఉన్న పదార్థం, అంటే రేపు పిండాన్ని మొదటి మూడు రోజులు పోషించాల్సిన సరుకు, ఇంకా సిద్ధమై ఉండదు. పైకి పోలార్ బాడీ ఉంటుంది, లోపల పులుపు. ఐవీఎంలో జరిగిన పరిశోధనంతా ఈ తొందరని ఎలా ఆపాలన్న దాని చుట్టూనే తిరిగింది.

మొదటి పని: ఇది మీకు పనికొస్తుందా లేదా తేల్చుకోండి

ఐవీఎం అందరికీ కాదు. ముఖ్యంగా ముగ్గురికి.

ఒకరు మీలాగా ఫాలికిల్స్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళు. వీళ్ళకి హార్మోన్ ఇంజక్షన్లు ఎక్కువైతే అండాశయాలు ఉబ్బి, పొట్టలో నీరు చేరి, ఒక్కోసారి రక్తం గడ్డకట్టే దాకా పోయే ఓహెచ్ఎస్ఎస్ అనే ప్రమాదం ఉంది. రెండోవారు కాన్సర్ అని తెలిసి, కీమో మొదలయ్యేలోపు ఎగ్స్ దాచుకోవాల్సినవాళ్ళు. మూడోవారు చాలా అరుదు: అండాశయంలో ఎగ్స్ ఉంటాయి కానీ ఫాలికిల్స్‌ని పెంచే ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ ఇంజక్షన్‌కి అసలు స్పందించవు. వాళ్ళకి సొంత ఎగ్స్‌తో బిడ్డ కావాలంటే దాదాపుగా ఇదొక్కటే దారి.

ఏఎంహెచ్ (ఎగ్స్ నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) తక్కువగా ఉండి, స్కాన్‌లో నాలుగైదు ఫాలికిల్సే కనపడుతుంటే ఐవీఎం ఆలోచన పక్కన పెట్టేయండి. పచ్చివాటిలో కొన్నే పండుతాయి కాబట్టి మొదట సంఖ్య ఉండాలి.

ఇప్పుడు మొదటి రకంవాళ్ళు తప్పకుండా వినాల్సిన లెక్క. వియత్నాంలో హో చి మిన్ సిటీలో ఫాలికిల్స్ ఎక్కువున్న 546 మందిని రెండు గుంపులు చేసి పోల్చారు, 2020లో ఫలితాలు వచ్చాయి. మొదటి ట్రాన్స్‌ఫర్‌తో, అంటే పిండాన్ని గర్భసంచిలో మొదటిసారి పెట్టినప్పుడే, బిడ్డ పుట్టింది ఐవీఎంలో 35.2 శాతం మందికి, ఐవీఎఫ్‌లో 43.2 శాతం మందికి. ఏడాదిలో మొత్తం నిలిచిన గర్భాలు చూస్తే 44 శాతం, 62.6 శాతం. బీజింగ్‌లో పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉన్న 351 మందితో చేసిన ఇంకో పోలికలో తేడా ఇంకా పెద్దది: ఆరు నెలల్లో గర్భం నిలిచింది ఐవీఎంలో 22.3 శాతం మందికి, ఐవీఎఫ్‌లో 50.6 శాతం మందికి. ఒకే పేరున్న చికిత్స అయినా చేసే చోటునీ పద్ధతినీ బట్టి ఫలితం ఎంత మారుతుందో చూశారు కదా.

పైగా ఓహెచ్ఎస్ఎస్ భయం పదిహేనేళ్ళ క్రితం ఉన్నంత ఇప్పుడు లేదు. యాంటగనిస్ట్ (ఎగ్స్ ముందే విడుదల కాకుండా ఆపే మందు) పద్ధతిలో ఇంజక్షన్లిచ్చి, ఎగ్స్‌ని పండించే చివరి ఇంజక్షన్‌గా (దీన్నే ట్రిగ్గర్ అంటారు) హెచ్‌సీజీ హార్మోన్ బదులు అగనిస్ట్ అనే మందు వాడి, ఎంబ్రియోలన్నీ (పిండాలన్నీ) ఫ్రీజ్ చేస్తే ఆ ప్రమాదం చాలావరకు తగ్గిపోతుంది. ఆ వియత్నాం పోలికలో ఐవీఎఫ్ చేయించుకున్నవాళ్ళలో కూడా ఓహెచ్ఎస్ఎస్ వచ్చింది 0.7 శాతం మందికే. అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నా: పీసీఓడీ ఉండి, ఇంజక్షన్లు తట్టుకోగలిగి, ఇంతకుముందు ఓహెచ్ఎస్ఎస్ రాకపోతే జాగ్రత్తగా చేసే ఐవీఎఫే మీకు ఎక్కువ అవకాశం ఇస్తుంది. ఇంజక్షన్లంటే ఒళ్ళు ఒప్పుకోక, ఖర్చు భరించలేక, లేదా ఒకసారి ఓహెచ్ఎస్ఎస్‌తో హాస్పిటల్లో పడుకుని మళ్ళీ ఆ పేరు వింటేనే వణికిపోతుంటే, అప్పుడు ఐవీఎం తీసుకోదగ్గ దారి. అమెరికా సంతాన చికిత్సా నిపుణుల సంఘం కూడా 2021లో దీనికి "ప్రయోగాత్మకం" అన్న ముద్ర తీసేసింది.

రెండో పని: ల్యాబ్‌ని అడగాల్సినవి అడగండి

క్లినిక్ రిజిస్టర్ అయిందో లేదో ముందు చూడండి. 2021 ఏఆర్‌టీ (సంతాన చికిత్సల) చట్టం ప్రకారం మన దేశంలో ప్రతి సంతాన కేంద్రానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చికిత్సకి ఆడవాళ్ళకి 21 నుంచి 50, మగవాళ్ళకి 21 నుంచి 55 ఏళ్ళ వయసు హద్దు. ఇంటర్నెట్‌లో ఆ క్లినిక్ ఫొటోలు ఎంత బావున్నా ఈ కాగితం లేకపోతే లేచి వచ్చేయండి.

తర్వాత మొహం మీదే అడగండి: మీ ల్యాబ్‌లోనే ఎన్ని ఐవీఎంలు చేశారు? పచ్చి ఎగ్స్ వందకి ఎన్ని పండుతున్నాయి? వాటిలోంచి ఎన్ని కాన్పుల దాకా వెళ్ళాయి? మొదటి రెండు ప్రశ్నలకి చప్పున జవాబొచ్చి మూడోదానికి నసిగితే ఆలోచించుకోండి. ఎగ్స్ పండటం మాకు సంతోషం, మీకు కావాల్సింది బిడ్డ.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మామూలు ఐవీఎఫ్‌లో తీసిన ఎగ్స్‌లో కొన్ని పచ్చివి వస్తూనే ఉంటాయి. వాటిని పారేయకుండా ఒక రాత్రి డిష్‌లో ఉంచి, తెల్లారి పండినవాటిని వాడే పద్ధతినీ కొందరు ఐవీఎం అనే అంటారు. అది వేరు. 10 రోజుల ఇంజక్షన్లకీ, ట్రిగ్గర్‌కీ స్పందించకుండా మిగిలిపోయిన ఎగ్స్ అవి. చుట్టూ ఉండే కణాలు కూడా అప్పటికే తీసేసి ఉంటాం. వాటి నుంచి మంచి ఎంబ్రియో రావడం తక్కువ. దానికోసం విడిగా బిల్లు వేస్తే మాత్రం ఎందుకని అడగండి.

డబ్బు మాట కూడా ముందే తేల్చుకోండి. ఒక్క ఎగ్ కూడా పండకపోతే ఎక్కడితో ఆపుతారు, ఇక్సీకి (ఎగ్‌లోకి స్పెర్మ్ ఎక్కించడానికి) కట్టింది వెనక్కి ఇస్తారా, ఫ్రీజింగ్ విడిగా ఎంత. ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి.

మూడో పని: పికప్ (ఎగ్స్ తీయడం) ముందు రోజులు

పీరియడ్ వచ్చిన రెండో రోజో మూడో రోజో స్కాన్ చేస్తారు. పీసీఓడీలో నెలల తరబడి పీరియడ్ రాదు కదా, అప్పుడు ప్రొజెస్టరాన్ మాత్రలిచ్చి తెప్పిస్తారు. చాలాచోట్ల రెండు మూడు రోజులు ఎఫ్ఎస్‌హెచ్ ఇంజక్షన్ ఇస్తారు, సాధారణంగా రోజుకి 150 యూనిట్లు. "ఇంజక్షన్లు లేని ఐవీఎఫ్" అన్న మాట అందుకే పూర్తి నిజం కాదు. రక్త పరీక్షలు ఐవీఎఫ్‌కి చేసేవే.

కొన్నిచోట్ల పికప్‌కి 36 గంటల ముందు హెచ్‌సీజీ ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు. మీ డాక్టర్ ఏది పాటిస్తున్నారో తెలుసుకోండి, ఎందుకంటే తర్వాత వచ్చే తేదీలన్నీ దాన్ని బట్టే మారతాయి.

తేదీలంటే గుర్తొచ్చింది, జంటలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఐవీఎఫ్‌లో ఎగ్స్ తీసిన రోజే భర్త శాంపిల్ ఇస్తాడు. ఐవీఎంలో ఆ రోజు శాంపిల్‌తో పని లేదు, ఒకటి రెండు రోజులు ఆగి, ఎగ్స్ పండాక కావాలి. పికప్ రోజు లీవ్ పెట్టి వచ్చి, "అయిపోయిందిగా" అని రాత్రి బస్సెక్కి బెంగళూరు డ్యూటీకి వెళ్ళిపోయిన భర్తకి తెల్లారి ఫోన్ చేసి వెనక్కి రప్పించాల్సి వస్తే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆ వారమంతా ఆయన ఊళ్ళోనే ఉండాలి, లేదా ముందే శాంపిల్ ఫ్రీజ్ చేయించండి. గల్ఫ్‌లోనో అమెరికాలోనో పనిచేస్తూ సెలవు మీద వచ్చినవాళ్ళయితే రెండో మాట అనుకోకుండా ఫ్రీజ్ చేయించండి.

నాలుగో పని: పికప్ రోజు

ముందు రాత్రి నుంచి, డాక్టర్ చెప్పిన టైము తర్వాత ఏమీ తినకూడదు, తాగకూడదు. మత్తిస్తారు కాబట్టి నొప్పి తెలియదు. కాకపోతే ఇందులో ఫాలికిల్స్ చిన్నవి, ఎక్కువ పోట్లు పొడవాలి, టైము ఎక్కువ పడుతుంది. పెద్ద ఫాలికిల్ అయితే పండిన ద్రాక్షపండులా సూది తగలగానే ఖాళీ అవుతుంది. ఐదారు మిల్లీమీటర్లదాన్ని పట్టుకోవడం, కదిలే పెసరగింజని గుండుసూదితో పొడవడం లాంటిది. అందుకని సన్నటి సూది, తక్కువ ఒత్తిడితో పీల్చడం, మధ్యమధ్యలో సూది కడగడం. ఇది చేయి తిరిగిన డాక్టర్ చేయాల్సిన పని.

ఆ రోజంతా పీరియడ్ నొప్పిలా ఉండటం, కొద్దిగా రక్తం కనపడటం మామూలే. ప్యాడ్ గంటకొకటి మార్చాల్సి వచ్చినా, కళ్ళు తిరిగినా, పొట్ట గట్టిపడినా, జ్వరం వచ్చినా రాత్రి ఎంతైనా సరే ఫోన్ చేయండి. వెంట ఒక మనిషి ఉండాలి, మత్తు దిగిందనుకుని స్కూటీ మీద వెళ్ళకండి.

ఐదో మెట్టు మాది

ద్రవం మా చేతికొచ్చాక జల్లెడ పడతాం. జల్లెడంటే జల్లెడే, కంత 70 మైక్రాన్లు. ఎర్ర రక్తకణాలు జారిపోతాయి, ఎగ్ దాని చుట్టూ అంటుకున్న కణాలతో పైన ఆగుతుంది. మామూలు ఐవీఎఫ్‌లో పండిన ఎగ్ చుట్టూ ఆ కణాలు మబ్బులా విచ్చుకుని ఉంటాయి, కంటికే కనపడిపోతుంది. పచ్చి ఎగ్ చుట్టూ అవి బిగుసుకుని ఉంటాయి. రక్తపు ముక్కల మధ్య అది ఇంకో చిన్న ముక్కలా ఉంటుంది. ఎగ్ మొత్తం వెడల్పే మిల్లీమీటర్లో సుమారు పదో వంతు. ఒక్కో డిష్‌ని మైక్రోస్కోప్ కింద ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి జరుపుతూ వెతుకుతాం, మడిలో కలుపు చూసుకుంటూ వెళ్ళినట్టు.

దొరికినదాన్ని గీకకూడదు, ఆ కణాలు ఊడదీయకూడదు. అవి సన్నటి కాలువల్లాంటి దారులతో ఎగ్‌కి తిండీ, సంకేతాలూ పంపిస్తుంటాయి. పాత పద్ధతిలో దీన్ని నేరుగా ఎఫ్ఎస్‌హెచ్, హెచ్‌సీజీ కలిపిన ద్రవంలో వేసి ఒకటి రెండు రోజులు ఇంక్యుబేటర్‌లో పెట్టేవాళ్ళు, ఇప్పటికీ పెడుతున్నారు. బ్రసెల్స్ ఫ్రీ యూనివర్సిటీవాళ్ళు, వియత్నాంవాళ్ళు కలిసి నిలబెట్టిన కొత్త పద్ధతి పేరు కాపా ఐవీఎం. ఇందులో రెండు అంచెలు. మొదటి 24 గంటలు సీఎన్‌పీ అనే పదార్థం ఉన్న ద్రవంలో ఉంచుతాం. ఇది కేంద్రకాన్ని "ఆగు, ఇంకా టైముంది" అని పట్టి ఉంచుతుంది. ఆ లోపల చుట్టూ ఉన్న కణాలు ఎగ్‌లోకి సరుకు ఎక్కిస్తూ ఉంటాయి. తర్వాత దాన్ని ఇంకో డిష్‌లోకి మార్చి, 30 గంటలు ఎఫ్ఎస్‌హెచ్, ఎగ్ పండటానికి సంకేతమిచ్చే ఆంఫిరెగ్యులిన్ ఉన్న ద్రవంలో పండిస్తాం. గడ్డిలో పెట్టిన మామిడికాయ ఇదే. పైన చెప్పిన 35.2 శాతం ఈ పద్ధతిదే.

ఓపిక పట్టడం ఎంత ముఖ్యమో మొదట తెలుసుకున్నవాడు బ్రిటన్ శాస్త్రవేత్త రాబర్ట్ ఎడ్వర్డ్స్. మనిషి ఎగ్ 12 గంటల్లో పండుతుందన్న అప్పటి మాట నమ్మి చూస్తే ఏమీ కనపడలేదు. ఒక రోజు దాటేదాకా ఆగితే కదలిక మొదలైంది, 36 గంటల దగ్గర పోలార్ బాడీ వచ్చింది. 1965లో ఆ సంగతి రాశాడు. 13 ఏళ్ళ తర్వాత మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ, 2010లో నోబెల్ బహుమతి. అంటే ఐవీఎఫ్ కథే పచ్చి ఎగ్స్ మాగబెట్టడంతో మొదలైంది. ఆడవాళ్ళకి మొదట ఇంజక్షన్లు ఇవ్వకుండా తీసిన పచ్చి ఎగ్స్‌తో బిడ్డలు పుట్టింది 1991లో కొరియాలో, అవి దానం చేసిన ఎగ్స్. పీసీఓఎస్ ఉన్నావిడ తన సొంత ఎగ్స్‌తో గర్భం దాల్చిన సంగతి 1994లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది.

టైమయ్యాక చుట్టూ ఉన్న కణాలని ఎంజైముతో కరిగించి, సన్నటి గొట్టంలోకి పీలుస్తూ వదుల్తూ శుభ్రం చేస్తాం. ఎగ్‌ని మెల్లిగా దొర్లిస్తాం. పక్కన ఆ బొట్టు కనపడిందా, రిజిస్టర్‌లో ఒక టిక్కు. కనపడలేదా, ఇంకోవైపు దొర్లిస్తాం, ఒక్కోసారి అది ఎగ్ వెనకాల దాక్కుని ఉంటుంది. నిజంగా లేకపోతే టిక్కు ఉండదు. ల్యాబ్‌లో ఎవరూ మాట్లాడని పది నిమిషాలవి.

పండినవాటికి ఇక్సీ చేస్తాం, అంటే ఒక్కో ఎగ్‌లోకి ఒక్కో స్పెర్మ్‌ని సూదితో ఎక్కించడం. 16 నుంచి 18 గంటల తర్వాత రెండు కేంద్రకాలు పక్కపక్కన కనపడితే ఫలదీకరణ జరిగినట్టు. అక్కడి నుంచి మూడో రోజు దాకానో, ఐదో రోజు బ్లాస్టోసిస్ట్ అనే దశ దాకానో పెంచి ఫ్రీజ్ చేస్తాం.

ఆరో పని: ఫోన్లకి మనసు సిద్ధం చేసుకోండి

ఆ వారంలో మా దగ్గర నుంచి మూడు నాలుగు ఫోన్లు వస్తాయి, ప్రతి ఫోన్‌లో సంఖ్య తగ్గుతూ ఉంటుంది. ఉదాహరణకి 15 ఎగ్స్ దొరికాయనుకోండి. పండేవి ఎనిమిదో తొమ్మిదో. ఫలదీకరణ జరిగేవి ఆరు. ఫ్రీజ్ చేయదగ్గ ఎంబ్రియోలు రెండో మూడో, ఒక్కోసారి ఒకటి, ఒక్కోసారి ఏదీ లేదు. ఇది ఊరికే లెక్క తెలియడానికి చెప్పింది, మీ సంఖ్య మీదే. మొదటి ఫోన్ రాగానే "15 వచ్చాయట" అని అత్తగారింటికీ పుట్టింటికీ ఫోన్లు చేయకండి. తర్వాత ఒక్కో మెట్టు దిగుతున్నప్పుడు అందరికీ మళ్ళీ మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది. మూడో ఫోన్ దాకా ఆగండి.

చిన్న సంఖ్యతో కూడా కథ నడిచిన సందర్భం ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో 29 ఏళ్ళావిడకి రొమ్ము కాన్సర్ అని తేలింది. కీమోకి ముందు ఇంజక్షన్లు లేకుండానే ఏడు పచ్చి ఎగ్స్ తీశారు, 48 గంటల్లో ఆరు పండాయి, వాటిని ఫ్రీజ్ చేశారు. ఐదేళ్ళకి కరిగించి ఇక్సీ చేస్తే ఐదు ఫలదీకరణ చెందాయి, ఒక ఎంబ్రియోని గర్భసంచిలో పెట్టారు. 2019 జులైలో బాబు పుట్టాడు. అలా ఫ్రీజ్ చేసిన, ల్యాబ్‌లో పండిన ఎగ్‌తో కాన్సర్ పేషెంటుకి బిడ్డ పుట్టడం అదే మొదలు.

మీ ఇంట్లో ఎవరికైనా కాన్సర్ అని తేలి, వయసు ఇంకా పిల్లల వయసే అయితే, బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజే ఆంకాలజీ డాక్టర్‌ని "ఎగ్స్ దాచే వీలుందా" అని అడగండి. పెళ్ళి కాలేదని ఆగకండి, ఎగ్స్ ఫ్రీజ్ చేయడానికి భర్త అక్కర్లేదు. ఐవీఎంకి పీరియడ్ ఎప్పుడొచ్చిందని కూడా చూడక్కర్లేదు, నెలలో ఏ రోజైనా తీయొచ్చు. కీమో మొదలయ్యాక అడిగితే మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

తర్వాత

ట్రాన్స్‌ఫర్ సాధారణంగా ఆ నెలలోనే చేయరు. గర్భసంచి పొర అప్పటికి సిద్ధంగా ఉండదు. తర్వాతి నెల ఈస్ట్రోజెన్ మాత్రలు, పొర ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటాక ప్రొజెస్టరాన్, ఆపైన ఫ్రీజ్ చేసిన ఎంబ్రియో కరిగించి పెట్టడం. రెండు వారాలకి రక్త పరీక్ష. ఒకేసారి రెండు పెట్టమని మీరు అడగకండి, కవలల కాన్పులో ఉండే ఇబ్బందులు డాక్టర్ చెప్తారు. ఐవీఎం పిల్లల ఎదుగుదల ఎలా ఉంటుందని అందరూ అడుగుతారు. వియత్నాం పిల్లలని రెండేళ్ళ వయసులో చూశారు, ఐవీఎఫ్ పిల్లలకీ వాళ్ళకీ ఎదుగుదలలో తేడా కనపడలేదు.

నిలవకపోతే మిగిలిన ఎంబ్రియోలు వాడండి. ఏవీ మిగలకపోతే వెంటనే రెండో ఐవీఎంకి డబ్బు కట్టేయకుండా, ఈసారి ఎన్ని ఎగ్స్ పండాయో, ఎంబ్రియోలు ఏ రోజు ఆగిపోయాయో ల్యాబ్ రిపోర్టు ఇమ్మని అడగండి. సగం కూడా పండకపోతే, ఇంజక్షన్లు తట్టుకోగలిగితే ఐవీఎఫ్ వైపు మారడమే మేలు. ఈ మధ్య మూలకణాల నుంచి తయారు చేసిన అండాశయ కణాలతో కలిపి ఎగ్స్ పండించే పద్ధతి ఒకటి వార్తల్లోకి వచ్చింది. దాంతో మొదటి బిడ్డ 2024లో పెరూ రాజధాని లీమాలో పుట్టింది. "మా దగ్గర అదే ఉంది" అని ఎవరైనా అంటే అనుమతి కాగితం చూపించమనండి.

ఎంబ్రియోలు మిగిలితే ఏటా దాచే ఫీజు ఉంటుంది. చట్టం ప్రకారం పదేళ్ళకి మించి దాచరు. సంతకం పెట్టే ఫారంలో మీ ఇద్దరిలో ఒకరికి ఏమైనా అయితే వాటిని ఏం చేయాలి అని ఒక గడి ఉంటుంది. దాన్ని నర్సు చెప్పినట్టు నింపేయకుండా, ఒక రోజు ఇంటికి తెచ్చుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని నింపండి. ఫొటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఇల్లు మారినా నంబరు మారినా క్లినిక్‌కి చెప్పండి. ఫీజు గుర్తు చేయడానికి వెళ్ళిన ఉత్తరాలు "చిరునామాలో లేరు" అని తిరిగొచ్చిన కవర్లు ప్రతి ల్యాబ్‌లోనూ ఒక కట్ట ఉంటుంది.